పాటకు దండ వేస్తే చాలదండీ!

బతికున్న కవి మనకు బరువు, పోయిన కవి పరువు. ఈ సూత్రం నేను కొత్తగా కనిపెట్టింది కాదు, మీ వూళ్ళోనూ మీరు చూసే వుంటారు. ఒక పాటల రచయిత కన్నుమూశాడని తెలియగానే, ఆయన ఇంటి అద్దె ఎంతో, ఆయన భార్య ఏ కొట్లో అరువు పెట్టిందో ఏనాడూ అడగని వాళ్ళంతా నాలుగు రోడ్ల కూడలిలో పెద్ద ఫ్లెక్సీ కట్టిస్తారు. అందులో మధ్యన ఆయన బొమ్మ, చుట్టూ తమ బొమ్మలు. పోయిన మనిషి ఎవరో తెలియడానికి కాసేపు వెతుక్కోవాలి. ఆ పైన సంస్మరణ సభ, సభకు మైకు, మైకుకు చందా. ఆ చందా మాత్రం మన గడప దగ్గరికి వస్తుంది. అందుకే ఈ విషయం మీతో మాట్లాడాలనిపించింది.

మా తుగ్గలి మరీ పెద్ద వూరు కాదు. గుంతకల్లు నుంచి డోన్‌కు పోయే రైలు దారిలో ఒక స్టేషను, చుట్టూ వేరుశనగ చేలు. అయినా అభిమానానికి వూరి సైజుతో పనేముంది? చందా పుస్తకం పట్టుకొచ్చే కుర్రాళ్ళతో నా సంభాషణ ఏ ఏడాదైనా ఇంచుమించు ఒకటే.

"అక్కా, ఆయప్ప పేరు మింద పాటల పోగ్రాం పెడతాండాం. రొంత చందా రాయక్కా."

"మంచిదే నాయనా. ఏ పాటలు పాడతారు?"

"ఆయప్ప మింద మావోడు కొత్తగా పాట కట్టినాడక్కా. డీజేలో పెడితే అదిరిపోతాది!"

"అది సరే, ఆయన రాసిన పాటలో?"

"అవి ఇప్పుడు ఎవరికొస్తాయక్కా!"

చూశారా? ఆయన పేరు కావాలి, ఆయన బొమ్మ కావాలి, ఆయన పాట మాత్రం అక్కర్లేదు. ఇల్లాలు పోయిన ఇంట్లో ఆమె ఫోటోకు వెండి చట్రం చేయించి, ఆమె పెట్టిన తులసి మొక్కకు నీళ్ళు పొయ్యడం మానేసినట్టు లేదూ?

నా మాట సూటిగా చెప్పేస్తాను. పోయిన పాటల రచయితకు నిజమైన నివాళి ఒక్కటే. ఆయన పాటలను ఆయన పేరుతోనే మళ్ళీ పాడి, ఒక మూటగా కట్టి జనానికి ఇవ్వాలి. దాని మీద వచ్చిన డబ్బు ఒక మంచి పనికి లెక్కతో సహా చేరాలి. దీన్నే ఇవాళ ఇంగ్లీషులో ట్రిబ్యూట్ ఆల్బమ్ అంటున్నారు. ఆల్బమ్ అంటే ఇప్పుడు నల్ల ప్లేటు కాదు, క్యాసెట్టూ కాదు, సెల్‌ఫోనులో వినే పది పాటల వరస, అంతే. ఇది కాక మిగిలిందంతా, క్షమించాలి, మన సరదా.

ఇదేదో గొంతెమ్మ కోరిక అనుకునేరు. ఇంగ్లండులో పంక్ అని ఒక రకం సంగీతం వుంది. చిరిగిన చొక్కాలు, నిక్కబొడుచుకున్న జుట్టు, పెద్దవాళ్ళ మీద కోపం. మన ఇళ్ళల్లో వినిపిస్తే "ఆ గోల కట్టెయ్" అంటాం. ఆ సంగీతంలో జో స్ట్రమ్మర్ అని ఒక రచయిత, గాయకుడు వుండేవాడు. ఆయన బృందం పేరు 'ది క్లాష్'. 1980లో వాళ్ళు మూడు ప్లేట్లున్న ఆల్బమ్ ఒకటి తెచ్చారు. కుర్రకారుకు అందే ధరకు అమ్మడం కోసం, ఇంగ్లండులో అమ్ముడుపోయే మొదటి రెండు లక్షల ప్రతుల మీద తమకు రావలసిన రాయల్టీ వదులుకున్నారు. 2002 నవంబరులో సమ్మె చేస్తున్న అగ్నిమాపక సిబ్బంది కోసం విరాళంగా పాడాడు స్ట్రమ్మర్. ఆ డిసెంబరు 22న, యాభై ఏళ్ళకే, గుండె జబ్బుతో పోయాడు. మరుసటి ఏడాదే ఆయన ఇంటివాళ్ళూ స్నేహితులూ కలిసి ఆయన పేరు మీద ఒక ధర్మసంస్థ పెట్టారు. దాని పని ఆయనకు విగ్రహాలు కట్టించడం కాదు. కొత్తగా పాటలు కట్టుకునే పిల్లలకు అండగా నిలవడం. ఆ సంస్థ ఇవాళ్టికీ నడుస్తోంది. గోల సంగీతం అని మనం ముఖం తిప్పుకునే వాళ్ళకు తెలిసిన ఈ మర్యాద, త్యాగరాజ ఆరాధనలు చేసే మనకు ఎందుకు తెలియకూడదు?

మనకూ అలాంటి పాటగాడు ఒకడుండేవాడు. కాళ్ళకు గజ్జెలు, భుజాన గొంగడి, చేతిలో కర్ర, గొంతులో నిప్పు. తూప్రానులో పుట్టిన గుమ్మడి విఠల్‌రావు, గదర్ పార్టీ పేరు తన పేరుగా పెట్టుకుని గద్దర్ అయ్యాడు. 1972లో మొదలైన జననాట్యమండలిలో పాడాడు, ఆడాడు, వూరూరా తిరిగాడు. 1997 ఏప్రిల్ 6న ఆయన మీద కాల్పులు జరిగాయి. ఒక తూటా వెన్నులోనే వుండిపోయింది, దానితోనే మరో పాతికేళ్ళకు పైగా గజ్జె కట్టాడు. 2023 ఆగస్టు 6న పోయాడు. సికింద్రాబాదు పక్కన అల్వాల్‌లో బీద పిల్లల కోసం తాను పెట్టిన మహాబోధి విద్యాలయం ఆవరణలోనే ఆయన సమాధి.

"అమ్మో, ఆయనా! మనలాంటి సంసారులకు ఆయన పాటలతో ఏం పని?" అంటారని నాకు తెలుసు. ఉండండి. 1995లో వచ్చిన 'ఒరేయ్ రిక్షా' సినిమాలో అన్నాచెల్లెళ్ళ పాట వినని తెలుగు ఆడది వుందా? రాఖీ పౌర్ణమి నాడు అది మోగని వీధి వుందా? విని కళ్ళు తుడుచుకున్నప్పుడు, రాసినవాడి రాజకీయం ఏమిటని ఎవరైనా అడిగారా? ఆ పాట ఆయనదే. ఆయన నమ్మిన దారి మనకు నచ్చాలన్న నియమం ఏమీ లేదు. ఆయన కూడా చివరి దశలో దారి మార్చుకుని, 2018లో జీవితంలో మొట్టమొదటిసారి ఓటు వేశాడు. మనిషితో వాదం పెట్టుకుంటూనే ఆయన పాటను దాచుకోవచ్చు. మామగారితో మాట పట్టింపు వుందని ఆయన నాటిన మామిడి చెట్టు కాయలు తినడం మానేస్తామా?

ఇంతకీ ఆ పాటకు ఒక కథ వుంది. దానికి ప్రభుత్వం నంది అవార్డు ఇస్తే గద్దర్ వద్దన్నాడు. వద్దన్న మనిషి పోయిన తరువాత ఏం జరిగింది? 2024 జనవరిలో తెలంగాణ ప్రభుత్వం సినిమా అవార్డులకు ఆయన పేరే పెట్టింది, 2025 జూన్‌లో ఆ అవార్డులు పంచింది. సినిమా అవార్డు వద్దన్న వాడి పేరు మీద సినిమా అవార్డులు! గౌరవంగానే పెట్టి వుంటారు, కాదనను. ఒక పాటల వాడి పేరు రాజధాని వేదిక మీద వినిపించడం చిన్న సంగతి కాదు. కానీ పేరు పెట్టడం తేలిక, పాట నేర్పడం కష్టం. ఎంత వెలుగున్న వేదికైనా ఆయన పాటలను మన బడిపిల్లల నోటికి ఎక్కించలేదు. ఆ పని అభిమానులది, తల్లులది.

ఇక రెండో గొడవ. ఆయన పోయినప్పటి నుంచి ఆయన మీద పాటలు చాలానే వచ్చాయి. దుఃఖం కొద్దీ కట్టినవి, నేను తప్పు పట్టను. మొదటి పదిరోజులు అవి వుండాలి కూడా. కానీ ఏళ్ళ తరబడి అవే పాడుతుంటే? ఆయన సింహం, ఆయన సూర్యుడు, ఆయన సముద్రం అని వినీ వినీ, ఇంతకీ ఆయన ఏమన్నాడో పిల్లలకు తెలియకుండా పోతుంది.

మా తుగ్గలి మండలంలోనే ఎర్రగుడి వుంది. అక్కడి బండరాళ్ళ మీద అశోకుడి శాసనాలున్నాయి. రెండువేల రెండువందల ఏళ్ళు దాటింది, ఇంకా చదువుకోవచ్చు. ఆ రాళ్ళ మీద ఏముంది? ఆస్థాన కవులు ఆ రాజును పొగిడిన పొగడ్తలా? కాదు. తల్లిదండ్రుల మాట వినండి, ప్రాణుల పట్ల దయగా వుండండి, నిజం చెప్పండి అని ఆయన చెప్పిన మాటలే వున్నాయి. అందుకే ఆయన నిలిచాడు. పొగడ్త చెక్కి వుంటే అది ఏ రాజుదైనా ఒకటే. గొంతు నిలవాలంటే ఆ గొంతులోని మాటే నిలపాలి. ఆ సంగతి మా రాళ్ళకు తెలుసు, మన డీజేలకు తెలియదు!

మూడో గొడవ పేరుతో. 'ఊరు మనదిరా' పాట ఎవరు రాశారని పదిమందిని అడిగి చూడండి. గద్దర్ అనేవాళ్ళు ఎక్కువమంది తేలతారు. రాసింది గూడ అంజయ్య. 2016 జూన్‌లో పోయాడు. పదహారు భాషల్లోకి వెళ్ళిందని చెప్పుకునే పాట, సొంత భాషలోనే తండ్రి పేరు పోగొట్టుకుంది. జనం పాట అంటే రాసినవాడి పేరు చెరిపెయ్యడమని కాదు కదా అర్థం!

ఇది చెబితే మా వూరి వజ్రాలు గుర్తొస్తాయి. తొలకరి పడిందంటే చాలు, తుగ్గలి, జొన్నగిరి, పగిడిరాయి చేలల్లో జనం వాలిపోతారు. అనంతపురం నుంచీ, బళ్ళారి వైపు నుంచీ వచ్చి, చెట్ల కింద కాపురం పెట్టి, వంచిన నడుము ఎత్తకుండా ఎర్రమట్టిలో మెరుపు కోసం వెతుకుతారు. నూటికో కోటికో ఒకరికి రాయి దొరుకుతుంది. దొరికినవాడు దాన్ని వ్యాపారికి ఇచ్చి, ఇచ్చినంత పుచ్చుకుంటాడు. ఆ రాయి సానబట్టి ఏ నగరంలో ఏ మెడలో మెరుస్తుందో వాడికి తెలియదు. ఆ మెడకూ వీడి పేరు తెలియదు. పాటల రచయిత గతి సరిగ్గా ఇదే. మట్టిలోంచి ఏరి తెచ్చినవాడు ఒకడు, బేరం చేసినవాడు ఇంకొకడు, మెరిసేది మరెక్కడో. రాయికి నోరు లేదు కాబట్టి వూరుకుంది. పాటకు నోరుంది, అయినా రాసినవాడి పేరు చెప్పనివ్వం.

డబ్బు మాట ఎత్తగానే కొందరు పెద్దమనుషులకు చిరాకు. "పేదవాడి కోసం రాసిన పాటను అమ్ముకుంటారా?" అంటారు. నా ప్రశ్న ఒకటే. షామియానా వాడు వూరికే వేస్తున్నాడా? మైకు సెట్టు వాడు, ఫ్లెక్సీ కొట్టినవాడు, భోజనాల వంటవాడు? అందరికీ డబ్బిచ్చి, రాసినవాడి ఇంటికొచ్చేసరికి మాత్రం పాట పవిత్రమైపోతుందేం? ఇది మన ఆడవాళ్ళకు బాగా తెలిసిన న్యాయమే లెండి. ఇంటిపని పవిత్రం, అందుకే దానికి జీతం లేదు!

కళను ధర్మకార్యానికి వాడటం మనకు కొత్త కూడా కాదు. 1952లో మా రాయలసీమ కరువుతో అల్లాడినప్పుడు ఎన్.టి.రామారావు వూళ్ళు తిరిగి విరాళాలు పోగుచేశాడు. 1977 నవంబరులో దివిసీమను ఉప్పెన ముంచినప్పుడు రామారావు, నాగేశ్వరరావు జోలె పట్టి వీధుల్లోకి వచ్చారు. కళకు పరువు తగ్గలేదే, పెరిగింది. ఆకలికి అన్నం పెట్టిన కళను ఎవరూ అమ్ముడుపోయిందనలేదు.

అభిమాన సంఘాల కుర్రాళ్ళు చట్టం సంగతి కూడా కాస్త తెలుసుకోవాలి. రాసినవాడు పోయినా పాట అనాథ కాదు. మన కాపీరైట్ చట్టం ప్రకారం ఆయన పోయిన తరువాత అరవై ఏళ్ళ వరకు హక్కు వుంటుంది. తాను ఎవరికీ రాసివ్వకుండా వుంచుకున్న పాటలైతే అది వారసులదే. సినిమా పాటలకు 2012లో చట్టం సవరించారు. థియేటరులో సినిమాతో పాటు ఆడటం కాక మిగతా వాడకాల మీద వచ్చే రాయల్టీలో రచయితకు సమాన వాటా వుంది. ఆ వాటాను వారసులకో, వసూలు చేసిపెట్టే సొసైటీకో తప్ప ఇంకెవరికీ రాసివ్వడానికి వీల్లేదు. ఎవరైనా రాయించుకున్నా చెల్లదు. రికార్డయిన పాటను మళ్ళీ కొత్త గొంతుతో రికార్డు చేయాలంటే, మొదటి రికార్డు వచ్చిన సంవత్సరం గడిచాక ఐదేళ్ళు ఆగాలి, ముందుగా తెలియజేయాలి, మామూలుగా ఏడాదికి కనీసం 50,000 ప్రతుల లెక్కన రాయల్టీ కట్టాలి. చందాలతో నడిచే కుర్రాళ్ళకు ఇది తలకు మించిన భారమే. అందుకే తేలిక దారి చెబుతున్నా. హక్కున్న వాళ్ళ ఇంటికి ముందు వెళ్ళండి. "అమ్మా, ఈ పది పాటలు మేం పాడుకుంటాం, వచ్చిన డబ్బు ఫలానా పనికి ఇస్తాం, మీ అనుమతి కావాలి" అని ఒక కాగితం రాయించుకోండి. సంస్మరణ సభకు ఆహ్వానం ఇవ్వడానికి ఎలాగూ వెళతారు కదా, ఆ చేత్తోనే ఈ కాగితం కూడా!

ఆ ఇంట్లో తలుపు తీసేది ఎవరు? ఆయన భార్య. ఈ కథలన్నిటిలోనూ ఎవరూ తలవని మనిషి ఆవిడే. ఆయన వూళ్ళు తిరిగి పాడుతుంటే పొయ్యి వెలిగించింది ఆవిడ, పిల్లల ఫీజులు కట్టింది ఆవిడ, తలుపు తట్టిన ప్రతివాడికీ జవాబు చెప్పింది ఆవిడ. సభలో మాత్రం ఆవిడకు మొదటి వరసలో ఒక కుర్చీ, ఒక శాలువా. ఆ వేసవిలో ఆ శాలువా ఏం చేసుకోవాలో ఆ దేవుడికే తెలియాలి. ఒక్కచోట మాత్రం నాకు సంతోషం కలిగింది. తెలంగాణ పోరాటంలో పాటలు కట్టిన సుద్దాల హనుమంతు 1982లో పోయాడు. ఆయన కొడుకు అశోక్ తేజ, తానూ పాటల రచయితే, తండ్రి పేరు మీద పురస్కారం పెట్టినప్పుడు తల్లి జానకమ్మ పేరు కూడా కలిపి పెట్టాడు. హనుమంతు–జానకమ్మ. పాట వెనకాల ఒక పొయ్యి వుందని గుర్తుపెట్టుకున్న కొడుకు. ఎంతమంది కొడుకులు గుర్తుపెట్టుకుంటారు చెప్పండి?

ఇదంతా మా వారికి చెబితే, పేపరు మడిచి పెట్టి, "నువ్వు చెప్పేది బాగానే వుంది, కానీ యాభై రూపాయలు పడేస్తే పోయేదానికి ఇంత ఉపన్యాసమా?" అన్నారు. అక్కడే వుంది కిటుకంతా! యాభై పడేసి వదిలించుకుంటున్నాం కాబట్టే లెక్క అడిగేవాళ్ళు లేకుండా పోయారు. పొదుపు సంఘంలో ఆడవాళ్ళు పది రూపాయలకు కూడా పుస్తకం రాస్తారు, నలుగురి ముందూ పైకి చదువుతారు, తేడా వస్తే అక్కడికక్కడే తేలుస్తారు. చదువు రాని అమ్మలు నడిపే సంఘానికి వున్న ఆ నియమం, డిగ్రీలు చదివిన అభిమాన సంఘానికి వుండకూడదా?

కాబట్టి అక్కయ్యలూ, వదినెలూ, పర్సు తెరిచేముందు మూడే మూడు ప్రశ్నలు అడగండి. పాడేది ఎవరి పాట, ఆయన మీద కట్టిందా, ఆయన కట్టిందా? పాట ముందు రాసినవారి పేరు చెబుతారా? ఖర్చులు పోగా మిగిలింది ఎవరికి చేరుతుంది, లెక్క ఎప్పుడు చదువుతారు? మూడింటికీ జవాబు వుంటే యాభై కాదు, ఐదువందలు రాయండి. వంట కాస్త ఆలస్యమైనా సరే, వెళ్ళి గొంతు కూడా కలపండి. జవాబు లేకపోతే మజ్జిగ ఇచ్చి మర్యాదగా పంపెయ్యండి.

కుర్రాళ్ళకూ ఒక మాట. మీ అభిమానాన్ని నేను వెక్కిరించడం లేదు. ఎండలో వీధి వీధీ తిరిగి చందా పోగుచేసే ఓపిక ఈ రోజుల్లో ఎవరికుంది? ఆ ఓపికలో సగం పెట్టి పది పాటలు నేర్చుకోండి. బళ్ళో పిల్లలను, దరువు వెయ్యగల పెద్దవాళ్ళను, పొలంలో పాడే అమ్మలను కూర్చోబెట్టి ఫోనులోనే రికార్డు చేయండి. శ్రుతి అటూ ఇటూ అయినా ఫరవాలేదు, ఆయన పాట వీధిలో పుట్టింది, వీధి గొంతు దానికి నప్పుతుంది. డబ్బు ఎవరికివ్వాలో వెతుక్కోనక్కర్లేదు. ఆయన పెట్టిన బడి వుంది, లేదా మీ వూరి బడే వుంది. పైసా పైసా లెక్క గోడ మీద అంటించండి.

దండ మర్నాటికి వాడిపోతుంది, ఫ్లెక్సీ మొదటి గాలివానకు చినిగి ఏ ఎద్దుల కొట్టం మీదో కప్పుగా మారుతుంది. గద్దర్ పాటల మీద చట్టం ఇచ్చిన హక్కు 2083 డిసెంబరు దాకా వుంటుంది. అప్పటిదాకా ఆ పాటలు మన పిల్లల, వాళ్ళ పిల్లల నోట్లో వుంటాయా లేదా అన్నది మాత్రం ఏ చట్టం చేతిలోనూ లేదు, మన చేతిలోనే వుంది.